వేరుకూ ఊపిరి కావాలి

పాఠ్యభాగ ఉద్దేశం: నీటిలో ఉంచిన కొమ్మ ముక్కలు కుళ్ళిపోవడానికి గల కారణాలను, వాటి నివారణోపాయాలను తెలియజేయడం, నిత్యం కంటబడే చిన్న విషయాన్ని సైతం శాస్త్రీయ దృష్టితో పరిశీలించే అలవాటును పెంపొందించడం.

విత్తనంతో పని లేకుండానే కొత్త మొక్కకు జన్మనివ్వగల శక్తి అనేక మొక్కల కాండాలకు ఉంది. పుదీనా రెమ్మనో, మనీప్లాంట్ తీగ ముక్కనో నీటిసీసాలో ఉంచితే, కొద్ది రోజులకు కణుపుల వద్ద తెల్లని వేర్లు పొటమరిస్తాయి. ఇలా కాండం నుండి పుట్టే వేర్లను అబ్బురపు వేర్లు అంటారు. చూడడానికి ఇది మిక్కిలి సులభమైన పద్ధతి. అయినా అనేక ఇళ్ళలో ఆ రెమ్మ వారం తిరిగేసరికి అడుగున నల్లబడి, మెత్తబడి, దుర్వాసన వేస్తుంది. నీరు లేక మొక్క ఎండిపోవడం అందరూ ఎరిగినదే. మరి నిండుగా నీరుండగా అది ఎందుకు చనిపోతున్నది?

వేరు నీటిని పీల్చే గొట్టం మాత్రమే కాదు. శ్వాసించే సజీవ అవయవం. కొత్త కణాలు ఏర్పడడానికి కావలసిన శక్తి శ్వాసక్రియ వలన లభిస్తుంది. దానికి ప్రాణవాయువు అవసరం. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉండగా, లీటరు నీటిలో కరిగి ఉండేది దాదాపు 8 మిల్లీగ్రాములే. పైగా నీటిలో అది వ్యాపించే వేగం గాలిలో కంటె సుమారు పదివేల రెట్లు తక్కువ. నీరు వేడెక్కినకొద్దీ ఆ కొద్దిపాటి నిల్వ తగ్గుతుంది. వేరు అవసరం మాత్రం పెరుగుతుంది. కదలని నీటిలో సూక్ష్మజీవులు కూడా అందులో వాటా తీసుకుంటాయి. అది తరిగిపోయినప్పుడు కణాలు బలహీనపడి కుళ్ళుకు లొంగిపోతాయి.

వరి, తామర నీటిలోనే జీవిస్తున్నాయి కదా అనే సందేహం సహజం. వాటి దేహంలో ఆకుల నుండి వేర్ల వరకు గాలిని చేరవేసే వాయు కుహరాలు ఉన్నాయి. పెరటి మందారానికి అంతటి ఏర్పాటు లేదు. కాబట్టి ఆ లోటును పెంచేవారి శ్రద్ధ పూరించాలి.

ఆ శ్రద్ధ కొమ్మను కోయడంతోనే మొదలవుతుంది. తెగులు సోకని కొమ్మను ఎన్నుకొని, 10 నుండి 15 సెంటీమీటర్ల ముక్కను కణుపుకు కాస్త దిగువన పదునైన, శుభ్రమైన కత్తితో కోయాలి. మొద్దు కత్తి కణజాలాన్ని నలిపివేస్తుంది; నలిగిన చోటనే కుళ్ళు ప్రవేశిస్తుంది. నీటిలో మునిగే ఆకులన్నిటినీ తొలగించి, పైన రెండు మూడు ఆకులను మాత్రమే ఉంచాలి. ఒకటి రెండు కణుపులు మునిగితే చాలు.

నీటిని మూడు నాలుగు రోజులకొకసారి, వేసవిలో ఇంకా త్వరగా మార్చాలి. మార్చిన ప్రతిసారీ సీసా లోపలి గోడలను రుద్ది కడగాలి. దీనివలన మరొక మేలు కూడా ఉంది. డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమ ఇటువంటి నిల్వ నీటి అంచున, పాత్ర గోడలకు గుడ్లను అంటిస్తుంది. మొక్కకు మేలు చేసే అలవాటే ఇంటిల్లిపాదినీ కాపాడుతుంది. సీసాకు కాగితం చుట్టితే వెలుతురు సోకక నాచు పెరగదు. నేరుగా ఎండ తగలని వెలుగులో దానిని ఉంచాలి.

ఆరోగ్యవంతమైన వేరు సాధారణంగా తెల్లగా, గట్టిగా ఉంటుంది. గోధుమరంగుకు మారి మెత్తబడితే ఆ భాగాన్ని కత్తిరించి, కాండాన్ని కుళ్ళు లేని చోట తిరిగి కోసి, మంచినీటిలో ఉంచాలి.

వేర్లు వచ్చినంతనే పని ముగియదు. జాన్ వుడ్‌వర్డ్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త 1699లో ప్రకటించిన ప్రయోగాలలో, వాన నీటిలో కంటె తోటమట్టి కలిపిన నీటిలో పుదీనా జాతి మొక్కలు బాగా పెరిగాయి. నీరు ఒక్కటే ఆహారం కాజాలదు. అందువలన వేర్లు 3 నుండి 5 సెంటీమీటర్లు పెరగగానే ముక్కను నేలకు మార్చడం ఉత్తమం. నీటిలో పుట్టిన వేర్లు పెళుసుగా ఉంటాయి. వాటికి మూలకేశాలు తక్కువ. నాటిన తరువాత పది రోజుల వరకు నీడలో ఉంచి, గుల్లగా ఉన్న మట్టిని తడిగా ఉంచుతూ, క్రమంగా తడి తగ్గించాలి. ఆ కొద్ది రోజులలోనే పాత వేర్లు నేలకు అలవాటుపడి, కొత్త వేర్లు పుట్టుకొస్తాయి. సీసాలో పచ్చగా నిలిచిన రెమ్మ నేలలో వాడిపోతే, లోపం రెమ్మది కాదు, తొందరపాటుది.

అర్థాలు:
పొటమరించు = బయటికి పొడుచుకొని వచ్చు
కుహరం = బోలుగా ఉన్న భాగం
మూలకేశాలు = వేరుపై ఉండే సన్నని నూగు
పెళుసు = తేలికగా విరిగే గుణం

ప్రశ్నలు:
1. నిండుగా నీరున్నా కొమ్మ ముక్క కుళ్ళిపోవడానికి గల కారణాలను వివరించండి.
2. సీసాలోని నీటిని తరచుగా మార్చడం వలన కలిగే రెండు ప్రయోజనాలేవి?
3. వరికి, మందారానికి గల భేదమేమిటి?
4. సంధి విడదీసి, పేరు తెలపండి: నివారణోపాయం.