పార్టీలుగా చీలిన గ్రామంలో వాతావరణ మార్పు సందేశం

ఫలానా నాయకుడు వస్తే వానలు, ఫలానా నాయకుడు వస్తే కరువు అనే మాట మన గ్రామాలకు కొత్తది కాదు. వాతావరణ మార్పును గురించి మనం నోరు విప్పకముందే ఈ వివరణ అక్కడ పాతుకొని ఉంటుంది. దానిని మూఢనమ్మకమని కొట్టివేసిన మరుక్షణం శ్రోతలలో సగంమందికి మనం అవతలి పార్టీ మనుషులమవుతాము.

ఈ విషయం నేను ఆలస్యంగా గ్రహించాను. చాలా ఏళ్ల క్రితం అనంతపురం జిల్లాలోని ఒక ఊరిలో తొలకరి ఆలస్యమైనప్పుడు, ప్రత్యామ్నాయ పంటలపై రైతుల సమావేశం ఏర్పాటు చేశాను. నీడ, కుర్చీలు ఉన్నాయని ఒక నాయకుని ఇంటి ముంగిటే జరిపాను. రెండవ వర్గంవారు ఒక్కరూ రాలేదు. ఉలవ, అలసంద, కొర్ర వేయమన్న సలహాను వారు తిరస్కరించలేదు, అసలు వినలేదు. జూలై దాటాక కూడా వేరుశనగే విత్తి నష్టపోయారు. స్థలం ఎంపికలో తప్పు నాదే.

కరువును ప్రభుత్వంతో ముడిపెట్టే వాదన వచ్చినప్పుడు వాదించక, వర్షపాతం లెక్కలు ముందుంచడం మేలు. నైరుతి ఋతుపవన వర్షపాతం దేశం మొత్తం మీద 2002లో సాధారణం కన్నా సుమారు 19 శాతం, 2009లో 22 శాతం తగ్గింది. ఆ రెండు సంవత్సరాలలో మన రాష్ట్రాన్ని పాలించినవి వేర్వేరు పార్టీలు. రెండూ ఎల్‌నినో సంవత్సరాలే. ఇక్కడ మన పక్షాన కూడా ఒక జాగ్రత్త అవసరం. ఎల్‌నినో వేరు, వాతావరణ మార్పు వేరు. ప్రతి కరువునూ వాతావరణ మార్పు ఖాతాలో వేస్తే, మంచి వాన కురిసిన ఏడాది రైతు మనలను నిలదీస్తాడు, న్యాయంగానే.

లెక్క రైతు చేతిలోనిదైతే ఇంకా మంచిది. ఉమ్మడి రాష్ట్రంలోని 7 కరువు జిల్లాలలో, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ మద్దతుతో రైతుల నిర్వహణలో సాగిన భూగర్భజల పథకం ఇందుకు ఉదాహరణ. అందులో రైతులే వర్షమాపకం చదివారు; 15 రోజులకొకసారి బావులలో నీటిమట్టం కొలిచి, అందరికీ కనబడేలా ఊరిలో రాసి ఉంచారు. రబీకి ముందు ఆ అంకెలతోనే నీటి బడ్జెట్ వేసుకొన్నారు. ఏ పంటపైనా నిషేధం లేదు, సబ్సిడీ లేదు. సబ్సిడీ లేకపోవడం ఒక విధంగా మేలే చేసిందని నా అభిప్రాయం. పంచేది లేనప్పుడు లబ్ధిదారుల జాబితా ఉండదు. జాబితా లేనిచోట "మీవాళ్లకే ఇచ్చుకొన్నారు" అనే మాట పుట్టదు.

గ్రామీణ పని అనుభవానికి వెళ్లే విద్యార్థులు వర్షమాపకాన్ని బడి ఆవరణలో పెట్టించి, రోజూ రెండు వర్గాలనుంచి ఒక్కొక్కరు కలిసి చదివే ఏర్పాటు చేయవచ్చు. ఆ పుస్తకం బడిలోనే ఉండాలి. సమావేశం కూడా అక్కడే పెట్టి, తొలి ప్రశ్నగా ఈ ఏడాది విత్తు పదును ఏ తేదీన వచ్చిందో అడగండి. కర్బన ఉద్గారాల పాఠాన్ని దాచవలసిన పని లేదు. అది రెండవ సమావేశంలో చెప్పవచ్చు.