ఫుట్‌బాల్ రిఫరీల శిక్షణ - ప్రేక్షకుల తీర్పు

సంక్రాంతికిని, దసరాకును గ్రామములలో ఆటల పోటీలు జరుగుట పరిపాటి. కబడ్డీ, వాలీబాల్‌లతో పాటు కొన్నిచోట్ల ఫుట్‌బాల్ పోటీలు కూడ ఏర్పాటగుచున్నవి. కప్పునకు, భోజనములకు, మైకునకు ముందుగనే చందాలు వసూలగును. ఈల పట్టవలసినవాడెవరను ప్రశ్న మాత్రము ఆట మొదలగుటకు అయిదు నిమిషముల ముందు వచ్చును. అక్కడ నిలిచియున్నవారిలో ఎవరో ఒకరి చేతికి ఈల ఇత్తురు. ఒక్క పెనాల్టీ కిక్‌తో ఆ మనిషి ఒక ఊరి జనమునకు శత్రువగును. మైదానములో మొదలైన మాట చెరువు నీటి తగవుతోను, పాత కక్షలతోను కలిసి పోలీసు ఠాణా వరకు పోవుటయు కలదు. కావున ఇది ఆటగాండ్రకు విడిచిపెట్టదగిన సంగతి కాదనియు, పంచాయతీ పట్టించుకొనవలసినదనియు మా అభిప్రాయము.

ఈ ఆటలో హైదరాబాదునకు గొప్ప చరిత్ర కలదు. కోఠి, నారాయణగూడ, చిక్కడపల్లిలకు చేరువనే ఉన్న ఫతే మైదానము, అనగా నేటి లాల్ బహదూర్ స్టేడియము, ఫుట్‌బాల్ పోటీలకును వేదికయైనది. హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదు పర్యాయములు బొంబాయి రోవర్స్ కప్పును గెలిచినది. ఆ జట్టునకు శిక్షణ నిచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీము మొదట బడిపంతులు. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో ఆయన శిక్షణలోని భారత జట్టు నాలుగవ స్థానము పొందినది. ఆయన కుమారుడు సయ్యద్ షాహిద్ హకీము 1960 నాటి రోము ఒలింపిక్ జట్టులో సభ్యుడు, వైమానిక దళములో అధికారి. తరువాత ఫిఫా గుర్తింపు గల రిఫరీయై 1988లో కతారులో జరిగిన ఆసియా కప్పు పోటీలలో విధులు నిర్వహించెను. ఆయనకు 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారము లభించినది, 2021లో మరణించెను. తండ్రి కీర్తి నెరిగినవారు పలువురు. కుమారుని ఈల సంగతి ఎరిగినవారు కొందరే. రిఫరీల కథ సాధారణముగా ఇంతే.

మంచి ఆటగాడు తనంతట తాను మంచి రిఫరీ కాలేడు. ఆట నియమములు 17. వీనిని 1886లో ఏర్పడిన అంతర్జాతీయ మండలి ఏటేట పరిశీలించి సవరించుచున్నది. రిఫరీ కాగోరువాడు వీనిపై వ్రాతపరీక్షలోను, దేహదారుఢ్య పరీక్షలోను నెగ్గి, చిన్న పోటీలలో పెద్దల పరిశీలన క్రింద ఈల పట్టి, మెట్టు మెట్టుగా పైకి పోవలెను. అంతర్జాతీయ రిఫరీకి కనీసము 25 ఏండ్లుండవలెను. ఆ స్థాయిలో పురుషులకు నిర్ణయించిన పరీక్షలో 40 మీటర్ల దూరమును 6 సెకండ్లకు మించకుండ ఆరుమార్లు పరుగెత్తవలెను. పిదప 75 మీటర్లు 15 సెకండ్లలో పరుగు, 25 మీటర్లు 18 సెకండ్లలో నడక, ఈ రీతిని నలువది మార్లు. ఇంత పరుగేలయన, దూరమునుండి ఇచ్చిన తీర్పు సరియైనదైనను ఎవరును నమ్మరు. అందుచే రిఫరీ మైదానమున ఐమూలగా సంచరించుచు, బంతిని తనకును సహాయ రిఫరీకిని నడుమ ఉంచుకొనును. అశోక్ నగర్‌లో గదులు అద్దెకు తీసికొని ఉద్యోగ పరీక్షలకు చదువుచున్న గ్రామ యువకులెందరో కలరు. ఇట్టి పరీక్ష యొకటి కలదని వారిలో ఎందరు వినియుందురు?

ఇక ప్రేక్షకుల సంగతి. బంతి చేతికి తగిలినంతనే "హ్యాండ్" అని కేకలు వేయుదురు. తగిలిన ప్రతిసారియు తప్పు కాదు. చేయి ఉద్దేశపూర్వకముగా బంతిపైకి పోయినదా, శరీరమును అసహజముగా పెద్దది చేసినదా అని రిఫరీ చూడవలెను. ఆఫ్‌సైడు విషయములో పొరపాటు ఇంకను ఎక్కువ. ఆటగాడు బంతిని అందుకొన్న క్షణమున కాదు, తోటివాడు బంతిని తన్నిన క్షణమున అతడెక్కడ ఉండెనో లెక్క. త్రో-ఇన్, గోల్ కిక్, కార్నర్ కిక్‌ల నుండి నేరుగా బంతి వచ్చినపుడు ఆఫ్‌సైడు లేదు. ఫౌలు జరిగినను, నష్టపడిన జట్టునకే మేలగునట్లున్నచో రిఫరీ ఆటను సాగనిచ్చును. దానిని చూచి "వీనికి కన్నులు లేవు" అందురు.

అభిమానము చూపును మార్చునని పరిశోధకులు తేల్చిరి. 1951లో అమెరికాలో డార్ట్‌మత్, ప్రిన్స్‌టన్ విద్యాసంస్థల నడుమ జరిగిన ఆట చిత్రమును రెండు చోట్ల విద్యార్థులకు చూపి తప్పులు లెక్కింపుమనిరి. (అది అమెరికావారి ఫుట్‌బాల్, బంతిని చేతబట్టి పరుగెత్తునది.) డార్ట్‌మత్ జట్టు తప్పులు సొంత విద్యార్థులకంటె ప్రిన్స్‌టన్ వారికి రెండింతలకు మించి కనబడినవి. ఎవరును అబద్ధమాడలేదు. రిఫరీకి కూడ ఈ జబ్బు అంటును. 2002లో వెలువడిన ఒక ఆంగ్ల పరిశోధనలో 40 మంది రిఫరీలకు ఒకే ఆట చిత్రమును, కొందరికి జనఘోషతోను, కొందరికి నిశ్శబ్దముగను చూపిరి. ఘోష విన్నవారు స్థానిక జట్టుపై ఇంచుమించు నూటికి 15 ఫౌలులు తక్కువ ఇచ్చిరి.

జనాగ్రహమునకు ఆటయే కారణమనుకొనరాదు. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో రహీము శిక్షణలోని భారత జట్టు ఆసియా క్రీడల ఫైనలులో దక్షిణ కొరియాను 2-1 గోలులతో ఓడించినపుడు, లక్షమంది ప్రేక్షకులు మనవారికి వ్యతిరేకముగా అరచిరి. ఇస్రాయేలు, తైవానులను ఆ క్రీడలకు రానీయకపోవుటను ఒక భారత ప్రతినిధి ఆక్షేపించుటయే వారి కోపమునకు మూలము. మన గ్రామములలోనైనను ఇంతే. పెనాల్టీ కిక్ నెపము, చెరువు తూము అసలు సంగతి.

ప్రేక్షకులు రిఫరీని విమర్శింపరాదని మేము చెప్పుటలేదు. బంతికి దగ్గరగా ఉండెనా? ఒకే తప్పునకు రెండు జట్లకును ఒకే శిక్ష విధించెనా? సంజ్ఞ స్పష్టముగా చూపెనా? ఇవి అడుగదగిన ప్రశ్నలు. ఒక్క తీర్పును పట్టుకొని ఆటంతయు తూచుట న్యాయము కాదు.

పంచాయతీ సభ్యులు పోటీ తేదీకి చాల ముందే వ్యాయామోపాధ్యాయుని సాయముతో ఇద్దరు ముగ్గురు యువకులను, యువతులను ఎంపికచేసి, జిల్లా ఫుట్‌బాల్ సంఘము ద్వారా శిక్షణకు పంపవచ్చును. యువతులను అనుటకు కారణము కలదు: 2022 డిసెంబరు 1న కతారులో పురుషుల ప్రపంచ కప్పు ఆటకు ఫ్రాన్సు దేశపు స్టెఫానీ ఫ్రాపార్ రిఫరీగా ఉండెను. రెండూళ్ల ఆటకు మూడవ ఊరి రిఫరీని పిలువవలెను. మైదానము చుట్టును మోకు కట్టి జనమును గీతకు దూరముగా ఉంచవలెను. కెప్టెను తప్ప వేరెవరును రిఫరీని సమీపింపరాదను పద్ధతి 2024లో యూరపు ఖండ పోటీలలో అమలైనది; మనకును అది అనుకూలమే. సర్పంచి గాని సభ్యులు గాని గీత దాటి లోనికి పోరాదు. ఆట తిరిగి మొదలైన పిదప పాత తీర్పును మార్చు అధికారము రిఫరీకే లేదు. ఇక పంచాయతీ కెక్కడిది? రిఫరీ దారిఖర్చును, భత్యమును ఆటకు ముందే చెల్లింపవలెను. గెలుపోటములు తేలిన తరువాత ఇచ్చు డబ్బునకు రెండు ఊళ్లవారును రెండర్థములు తీయుదురు.