సొంతంగా అచ్చువేసుకున్న కథల పుస్తకాన్ని పాఠకుడికి చేర్చడం ఎలా?

దేవనకొండలోనో, ఆదోనిలోనో, ఎమ్మిగనూరులోనో కూర్చొని కథలు రాసేవాళ్ళు పుస్తకం తేవాలంటే చాలాసార్లు సొంత డబ్బే పెట్టుకోవాలి. ఐదువందల ప్రతులు వేయిస్తారు. ఆవిష్కరణ సభలో కొన్ని పంచుతారు. మిగతావి అటకెక్కుతాయి. కథలు బాగాలేక ఇలా జరగదు. అది ఎలాంటి పుస్తకమో, ఎవరు చదవాలో అచ్చుకు ముందే తేల్చుకోకపోవడం వల్ల జరుగుతుంది.

ఈ చిక్కు తెలుగు నవలతోపాటే పుట్టింది. తర్వాతి కాలంలో కర్నూలు జిల్లా మాన్యువల్ రాసిన నరహరి గోపాలకృష్ణమ చెట్టి 1872లో ‘శ్రీరంగరాజ చరిత్ర’ తెచ్చినప్పుడు దాన్ని నవీన ప్రబంధం అన్నారు. కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్ర’ను వచన ప్రబంధం అన్నారు. ఇద్దరూ కొత్త సరుకును పాఠకుడికి తెలిసిన పేరుతోనే పరిచయం చేశారు. మీరూ అక్కడే మొదలుపెట్టండి.

1. రకం తేల్చండి

ముందు రూపం: నవలా, నవలికా, కథల సంపుటా, పిల్లల కథలా? తర్వాత స్థలం, ఆపైన విషయం. సుగ్గికి, అంటే వలస కూలికి, గుంటూరు మిరపచేలకు పోయే కుటుంబం గురించి రాశారనుకోండి. ‘సాంఘిక నవల’ అంటే ఏమీ చెప్పినట్టు కాదు. ‘కర్నూలు పడమటి పల్లెల వలస నవల’ అంటే కావలసినవాడు ఆగి చూస్తాడు.

ప్రేమ, సస్పెన్స్, చరిత్ర, సామాజికం అన్నీ ఒకే పుస్తకానికి తగిలించవద్దు. ఆదోని కోట ఒక సన్నివేశంలో కనిపించినంత మాత్రాన అది చారిత్రక నవల కాదు. రాసినవి దెయ్యం కథలైతే ఆ మాటే ధైర్యంగా చెప్పండి. వాటికీ పాఠకులున్నారు. తప్పు పేరు చూసి కొన్నవాడు మీ రెండో పుస్తకం కొనడు.

2. అట్ట నిజం చెప్పాలి

సీమ కథ అనగానే అట్ట మీద వేటకొడవలి వేయించకండి. కథలో ఫ్యాక్షన్ లేకపోతే దానికోసం వచ్చినవాడికి నిరాశ, వలస కథ కోసం వెతికేవాడికి మీ పుస్తకం కనిపించనే కనిపించదు. వెనక అట్ట మీద మీ ఫొటోకన్నా ముఖ్యం నాలుగు వాక్యాలు: ఎక్కడి కథ, ఎవరి కథ, వాళ్ళకు వచ్చిన కష్టమేమిటి, పుస్తకం ఏ రకం. కన్నడం కలిసిన మన యాసను తీసేయకండి. దూరపు పాఠకుడి కోసం చివర రెండు పేజీల పదాల పట్టిక ఇవ్వండి.

3. ఐఎస్‌బీఎన్ తీసుకోండి

పుస్తకాన్ని గుర్తించే ఈ 13 అంకెల సంఖ్యను మన దేశంలో రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది. ఆన్‌లైన్‌లో మీరే దరఖాస్తు చేసుకోవచ్చు, దళారీకి డబ్బు కట్టే పనిలేదు. రావడానికి సమయం పడుతుంది కాబట్టి అచ్చుకు ముందే పెట్టండి. ఈ-బుక్ కూడా తెస్తే దానికి వేరే సంఖ్య కావాలి.

1954 నాటి చట్టం ప్రకారం, పుస్తకం వెలువడిన 30 రోజుల్లో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, చెన్నై కన్నెమరా సహా మరో మూడు గ్రంథాలయాలకూ ప్రతులు మీ ఖర్చుతోనే పంపాలి. గ్రంథాలయాలు పుస్తకాలను వర్గీకరించే డ్యూయీ పద్ధతిలో తెలుగు కాల్పనిక సాహిత్యం సంఖ్య 894.8273. లైబ్రరీకి ఇచ్చేటప్పుడు నవలో కథలో స్పష్టంగా చెబితే పుస్తకం సరైన బీరువాలోకి చేరుతుంది.

4. లెక్క వేసుకోండి

ఉదాహరణకు ప్రతికి అచ్చు ఖర్చు 70 రూపాయలు, ముఖవెల 150 అనుకుందాం. పుస్తకాల షాపుకు 40 శాతం కమీషన్ ఇస్తే 60 పోతుంది. అచ్చు ఖర్చు తీస్తే మిగిలేది 20, పార్సిల్ ఖర్చు అందులోనే. అదే చేతిమీద అమ్మితే 80 మిగులుతుంది. అందుకే డిజిటల్ ప్రింటింగ్‌లో మొదట 200 ప్రతులే వేయించండి. తొలి వంద మీరే అమ్మండి. అయిపోతే మళ్ళీ వేయించుకోవచ్చు.

5. పాఠకులున్న చోటికి వెళ్ళండి

హైస్కూలు, కాలేజీ తెలుగు అధ్యాపకులతో మొదలుపెట్టండి. జనవరిలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరుని జాతరకు జనం వస్తారు, అక్కడో చిన్న బల్ల వేయండి. జనవరి తొలి రోజుల్లోనే విజయవాడ పుస్తక మహోత్సవం ఉంటుంది. ఒక్కరికి స్టాల్ భారమైతే నలుగురు రచయితలు కలిసి తీసుకోండి. షాపులకు ఇచ్చేటప్పుడు ఎన్ని ప్రతులు ఇచ్చారో, డబ్బు ఎప్పుడిస్తారో కాగితం మీద రాయించుకోండి.

6. ఆన్‌లైన్‌లో దొరికేలా చూడండి

చాలామంది తెలుగు పుస్తకాన్ని ఇంగ్లిష్ అక్షరాల్లో వెతుకుతారు. పుస్తకం పేరు, మీ పేరు రెండు లిపుల్లోనూ ఇవ్వండి, అన్నిచోట్లా ఒకే స్పెల్లింగ్ వాడండి. వర్గం అడిగిన చోట మొదటి అడుగులో తేల్చుకున్నదే ఎంచుకోండి. ప్రతిలిపిలాంటి వేదికలో ఒక కథను ఉచితంగా పెట్టి, పుస్తకం ఎక్కడ దొరుకుతుందో చివర రాయండి.

7. అభిప్రాయం అడగండి

పత్రికలకు ప్రతులు పంపండి. అంతకన్నా ముఖ్యం, చదివినవాళ్ళను రెండు వాక్యాలు రాసి పెట్టమని అడగడం. కథల సంపుటి అయితే కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో నెలకొల్పిన కథల గ్రంథాలయం కథానిలయానికి ఒక ప్రతి తప్పక పంపండి. మీ తర్వాత కూడా మీ కథ అక్కడ దొరుకుతుంది.

చివరిగా, రచయితల బంధుమిత్రులకు ఒక మనవి. మీ ఊరి రచయిత పుస్తకాన్ని ఉచితంగా అడగకండి. కొనండి, చదవండి, ఇంకొకరి చేత కొనిపించండి. సొంత డబ్బుతో పుస్తకం వేసినవాళ్ళు రెండో పుస్తకం రాయగలిగేది అప్పుడే.