వేలిముద్ర ఎవరిది?

పఠన భాగములు: లూకా 18:1-8; యిర్మీయా 32:9-14



లూకా సువార్తలో మన ప్రభువు చెప్పిన విధవరాలి సంగతి మనమందరము ఎరుగుదుము. ఆమెకు అండ లేదు, పలుకుబడి లేదు, న్యాయాధిపతి దేవునికి భయపడువాడు కాడు. అయినను ఆమె మాటిమాటికి అతని యొద్దకు వెళ్లి, చివరకు న్యాయము పొందెను. విసుగక ప్రార్థింపవలెనని నేర్పుటకే ప్రభువు ఈ ఉపమానము చెప్పెను. అయితే ఇందులో మరియొక సంగతి కూడ కలదు. ఆమె తన కష్టమును ఇంటిలో కూర్చుండి దిగమ్రింగుకొనలేదు. న్యాయాధిపతి గడప త్రొక్కెను. ప్రభువు ఆమెను తప్పుపట్టలేదు, మనకు మాదిరిగా నిలిపెను.

కోర్టు మెట్లు ఎక్కుట విశ్వాసికి తగదని మన సంఘములలో కొందరు పెద్దలు చెప్పగా వినుచున్నాము. గట్టు తగాదాలో సహోదరుని మీద పంతము పట్టి వ్యాజ్యమాడుట వేరు. నోరులేని బిడ్డకు అన్యాయము జరిగినప్పుడు ఆ బిడ్డ పక్షమున నోరు తెరచుట వేరు. మొదటిది మానుమని 1 కొరింథీయులకు 6వ అధ్యాయము చెప్పుచున్నది. రెండవది చేయుమని సామెతలు 31:8-9 ఆజ్ఞాపించుచున్నది. ఈ భేదమును తెలిసికొనుటయే ఈ మాసపు పాఠము. ఇందుకు దూరదేశపు దృష్టాంతము మనకు అక్కరలేదు. మన గోదావరి ఒడ్డున, మన అడవి అంచుననే ఒకటి జరిగినది.

1. మన జిల్లాలో జరిగిన సంగతి

2009 జూలైలో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, భద్రాచలము, కొత్తగూడెము, తిరుమలాయపాలెము మండలములలో, 10 మొదలు 14 ఏండ్ల బాలికలకు హెచ్.పి.వి. టీకా వేయుట ఆరంభమైనది. స్త్రీలకు వచ్చు గర్భాశయ ముఖద్వార క్యాన్సరును నివారించుటకు ఉద్దేశించిన టీకా ఇది. పాత్ అను అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధనా మండలి, రాష్ట్ర ప్రభుత్వము కలిసి దీనిని నడిపించినవి. టీకా మందును విదేశీ కంపెనీ ఉచితముగా ఇచ్చినది. మన జిల్లాలో సుమారు 14 వేలమంది బాలికలను ఇందులో చేర్చిరి. గుజరాత్‌లోని వడోదర జిల్లాలో వేరొక కంపెనీ టీకాతో సుమారు 10 వేలమందిని చేర్చిరి. ఒక్కొక్క బాలికకు మూడు మోతాదులు. మన వైపున ఆ పిల్లలలో అనేకులు ఆశ్రమ పాఠశాలలలోను, హాస్టళ్లలోను ఉండి చదువుకొనుచున్న కోయ బిడ్డలు, బీదల బిడ్డలు.

2010 మార్చిలో సమ అను మహిళా ఆరోగ్య సంస్థవారు, మరికొందరు కార్యకర్తలు భద్రాచలము వచ్చి, పిల్లలను, తల్లిదండ్రులను కలిసికొని విచారించిరి. ఆ పిమ్మట విషయము లోకమునకు తెలిసి, 2010 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వము ఈ పథకమును నిలిపివేసినది. అప్పటికి రెండు జిల్లాలలో కలిపి ఏడుగురు బాలికలు చనిపోయి యుండిరి. వారిలో ఐదుగురు మన జిల్లావారు.

ఇక్కడ మనము సత్యమును జాగ్రత్తగా పలుకవలెను. ఆ మరణములకు టీకాయే కారణమని తేలలేదు. ప్రభుత్వము నియమించిన విచారణ సంఘము నీట మునుగుట, పాముకాటు, పురుగుమందు, మలేరియా వంటి కారణములను చూపినది. నేటికిని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ టీకాను 9 మొదలు 14 ఏండ్ల బాలికలకు సిఫారసు చేయుచున్నది. కావున టీకా అనగానే భయపడి పిల్లలను దాచుకొనుమని మేము చెప్పుట లేదు. మరి తప్పు ఎక్కడ జరిగినది? తప్పు కాగితము మీద జరిగినది.

2. సంతకము చేసినదెవరు?

బిడ్డకు ఇటువంటి టీకా వేయుటకు ముందు తల్లిదండ్రులకు దాని సంగతి చెప్పి, వారి సమ్మతి తీసికొనవలెను. 2013 ఆగస్టు 30న పార్లమెంటు ఆరోగ్య స్థాయీ సంఘము ఇచ్చిన 72వ నివేదిక ప్రకారము, మన రాష్ట్రమునకు సంబంధించిన 9,543 సమ్మతి పత్రములలో 1,948 పత్రముల మీద వేలిముద్రలు ఉన్నవి. 2,763 పత్రముల మీద సంతకము చేసినవారు హాస్టలు వార్డెనులు. అడవి గూడెములో తునికాకు కట్టలు కట్టుకొను తల్లికి, తన బిడ్డ చేతికి ఏ సూది గుచ్చిరో తెలియదు. ఆమె పేరుమీద మరియొకరు సరేయనిరి.

ఇది పరీక్ష కాదు, ఆమోదము పొందిన టీకా వాడకమును పరిశీలించుట మాత్రమేనని నడిపించినవారు వాదించిరి. పార్లమెంటు సంఘము ఆ వాదమును ఒప్పుకొనలేదు. టీకా వలన ఎవరికైన కీడు కలిగినచో వెంటనే కనుగొని నివేదించు ఏర్పాటు కూడ సరిగా లేదని తప్పుపట్టినది. ఈ లోపము చిన్నది కాదు. బిడ్డకు జ్వరము వచ్చినను, మూర్ఛ వచ్చినను, అది టీకా వలన వచ్చినదో కాదో తేల్చుటకు ఆనాడే వ్రాసిపెట్టిన కాగితము కావలెను. అది లేకపోయిన తరువాత తల్లికి మిగులునది అనుమానమే. బిడ్డను పోగొట్టుకొన్న తల్లికి అనుమానమును కూడ మోయవలసి వచ్చుట ఎంత భారము!

యిర్మీయా ప్రవక్త అనాతోతులో పొలము కొనిన విధమును చూడుడి. పట్టణమును శత్రువులు ముట్టడించియున్న దినములవి. అయినను ఆయన వెల తూచి ఇచ్చి, పత్రము వ్రాసి, తానే సంతకము చేసి, సాక్షులను పెట్టుకొని, ఆ పత్రములను మంటికుండలో భద్రపరచుమని బారూకునకు అప్పగించెను. దేవుని వాగ్దానము తనకు ఉన్నదని ఆయన కాగితమును విడిచిపెట్టలేదు. విశ్వాసము ఒక చేత, పత్రము ఒక చేత పట్టుకొనెను.

3. న్యాయస్థానము చెప్పినది

ఈ విషయమై 2012లో కల్పనా మెహతా మొదలైనవారు సుప్రీంకోర్టుకు వెళ్లిరి. పార్లమెంటు సంఘపు నివేదికను కోర్టులో చూడవచ్చునా అను ప్రశ్న లేచినది. 2018 మే 9న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, చూడవచ్చును గాని ఆ నివేదికను కోర్టులో సవాలు చేయరాదని తీర్పు చెప్పినది. ఈలోగా చట్టములును గట్టిపడినవి. 2019 నాటి నూతన ఔషధముల, క్లినికల్ పరీక్షల నిబంధనల ప్రకారము, పరీక్షలో చేర్చు బిడ్డకు తల్లిదండ్రుల లేక చట్టబద్ధ సంరక్షకుని వ్రాతపూర్వక సమ్మతి కావలెను. చదువురానివారైతే, వారికి విషయము చెప్పునంతసేపు పక్షపాతము లేని సాక్షి ప్రక్కన ఉండవలెను. పత్రపు ప్రతి వారి చేతికి ఇయ్యవలెను. ఇష్టము లేనిచో ఎప్పుడైనను మానుకొనవచ్చును. పరీక్ష వలన హాని కలిగినచో ఉచిత వైద్యము, నష్టపరిహారము వారి హక్కు.

4. బీదవానికి తెరచిన తలుపు

వకీలుకు ఇచ్చుటకు రూకలెక్కడివని అడుగుదురేమో. బీదవానికి ఉచిత న్యాయ సహాయము ఇయ్యవలెనని 1976లోనే మన రాజ్యాంగములో 39ఎ అధికరణము చేరినది. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టము 1995 నవంబరు 9 నుండి అమలులోనికి వచ్చినది. షెడ్యూల్డు తెగలవారు, షెడ్యూల్డు కులములవారు, స్త్రీలు, పిల్లలు, అంగవైకల్యము గలవారు ఆదాయము ఎంతయైనను ఈ సహాయమునకు అర్హులు. ఇతరులలో బీదవారు కూడ అర్హులే. వకీలు ఫీజు, కోర్టు రుసుము, కాగితముల ఖర్చు ప్రభుత్వమే భరించును. జిల్లా కోర్టులోనున్న న్యాయ సేవాధికార సంస్థకు తెల్లకాగితము మీద అర్జీ ఇచ్చిన చాలును. వ్రాయనేరనివారు నోటితో చెప్పిన, అక్కడివారు వ్రాసికొని వేలిముద్ర వేయించుకొందురు. 15100 అను నంబరుకు ఫోను చేసి కూడ అడుగవచ్చును.

మందుల విషయములో ఈ సంగతులు గుర్తుంచుకొనుడి. దుకాణములో మందు కొనినప్పుడు రసీదు అడుగుడి. వాడిన సీసాను, మందు పెట్టెను పారవేయకుడి, దాని మీద బ్యాచి నంబరు ఉండును. ఆర్.ఎం.పి. గారు సూది వేసినను ఏమి మందు వేసిరో చీటీ మీద వ్రాయించుకొనుడి. వెల ఇచ్చి కొనిన మందు వలన, వెల ఇచ్చి పొందిన వైద్యము వలన హాని కలిగినచో, రెండేండ్లలోపల జిల్లా వినియోగదారుల కమిషనుకు వెళ్లవచ్చును. చెల్లించిన వెల 5 లక్షలు మించనిచో ఆ ఫిర్యాదుకు రుసుము లేదు. అందరికి ఉచితముగా వైద్యము చేయు ప్రభుత్వ ఆసుపత్రి మీద ఆ కమిషను విచారింపదు. అట్టి సంగతులలో న్యాయ సేవాధికార సంస్థ వకీలు తగిన దారి చూపును.

జబ్బు వెంట అప్పు వచ్చును. ఖాళీ ప్రామిసరీ నోటు మీద వేలిముద్ర వేయుట, చదువని సమ్మతి పత్రము మీద వేయుటవంటిదే. అంకె వ్రాయక ముందు వేలు పెట్టకుడి. భద్రాచలము ఏజెన్సీలో గిరిజనుని భూమిని గిరిజనేతరునికి బదిలీ చేయుట 1959 నాటి 1వ రెగ్యులేషను, దాని 1970 సవరణ ప్రకారము చెల్లదు. ఆసుపత్రి అప్పుకింద భూమి వ్రాసి ఇమ్మని ఎవరైన బలవంతపెట్టినచో, ఈ మాట తెలిసియుండవలెను.

5. సంఘము చేయవలసినది

లూకా సువార్తలోని విధవరాలు ఒంటరిగా వెళ్లెను. మన నడుమనున్న విధవరాలు ఒంటరిగా వెళ్లరాదు. ప్రతి సంఘములోను చదువు వచ్చిన ఇద్దరు యౌవనులు, ఒక స్త్రీ ఈ పనికి నిలువవలెనని మేము కోరుచున్నాము. నెలకొక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత, ఎవరికి ఏ కాగితము వచ్చినను, హాస్టలు నుండి గాని, ఆసుపత్రి నుండి గాని, బ్యాంకు నుండి గాని, దానిని తెలుగులో మెల్లగా చదివి వినిపింపుడి. కోయ మాటలాడువారికి వారి మాటలో చెప్పుడి. కావలసినచో బస్సెక్కి కొత్తగూడెమునకైనను ఖమ్మమునకైనను వారితో కూడ వెళ్లుడి. హాస్టలులో బిడ్డను చేర్చిన తల్లిదండ్రులు, తమకు తెలియపరచకుండ తమ బదులు సంతకము చేయవద్దని వార్డెను గారికి మర్యాదగా చెప్పి రావలెను.

మన వేళ్ల మీది గీతలు ఒకరివి ఒకరికి ఉండవు. దేవుడు ఒక్కొక్కరికి వేరుగా ఇచ్చిన ఆ గురుతును మరియొకరు వాడుకొనకుండ కాపాడుట ప్రేమ క్రియయే.

చర్చకు ప్రశ్నలు

1. ఆ విధవరాలు ప్రార్థించుటతో పాటు మరి ఏమి చేసెను?
2. యిర్మీయా పత్రమును మంటికుండలో ఎందుకు పెట్టించెను? మన ఇండ్లలో కాగితములు ఎక్కడ ఉన్నవి?
3. మన సంఘములో గత ఏడాది ఎవరైన చదువని కాగితము మీద వేలిముద్ర వేసిరా? వారి యొద్దకు ఈ వారము ఎవరు వెళ్లుదురు?