నిద్ర కూడా చదువులో భాగమే



నేను హాస్టల్లో పదో తరగతి చదువుతున్నప్పుడు మా గదిలో ఒక స్నేహితుడు ఉండేవాడు. లెక్కల్లో మా అందరికన్నా ముందుండేవాడు. ప్రీఫైనల్ పరీక్షల రోజుల్లో రాత్రి రెండు గంటల దాకా చదివి, మళ్ళీ ఐదింటికే లేచేవాడు. ఒక తెల్లవారుజామున చెమటలు కారుతుండగా మమ్మల్ని లేపాడు. "మెలకువ వచ్చింది, కానీ కాలు చెయ్యి కదలలేదు. అరుద్దామంటే గొంతు రాలేదు. గుండెల మీద ఎవరో కూర్చున్నారు" అన్నాడు. దయ్యం అన్నారు అందరూ. నేనూ అన్నాను. నాలుగు రోజుల్లో మళ్ళీ అలాగే జరిగింది. వాళ్ళమ్మ వచ్చి, తాయెత్తు కట్టించి ఇంటికి తీసుకుపోయింది. వాడు మళ్ళీ రాలేదు, పరీక్షలు రాయలేదు.

డిగ్రీలో జంతుశాస్త్రం చదివాక అది దయ్యం కాదని తెలిసింది. దాని పేరు నిద్ర పక్షవాతం.

నిద్రలో ఏం జరుగుతుంది?

నిద్రలో మెదడు పని ఆపదు. సుమారు 90 నిమిషాలకు ఒక ఆవృతం చొప్పున రాత్రికి నాలుగైదు ఆవృతాలు నడుస్తాయి. వాటిలో తేలిక నిద్ర, గాఢ నిద్ర, కలల నిద్ర ఉంటాయి. కలల నిద్రలో మూసిన రెప్పల కింద కనుగుడ్లు వేగంగా కదులుతాయని 1953లో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే శాస్త్రవేత్తలు వెల్లడించారు. ఆ సమయంలో కలలో పరుగెత్తినా మంచం మీద నుంచి లేవకుండా మెదడు మన కండరాలను సడలిస్తుంది. ఆ సడలింపు పోకముందే మెలకువ వస్తే శరీరం కదలదు. ఎవరో ఉన్నట్టు, గుండెల మీద బరువు పెట్టినట్టు అనిపిస్తుంది. కొన్ని సెకన్లలో, లేదా కొన్ని నిమిషాల్లో అదే పోతుంది. ప్రాణాపాయం లేదు. నిద్ర చాలకపోవడం, వేళ తప్పి పడుకోవడం, వెల్లకిలా పడుకోవడం వల్ల ఇది ఎక్కువగా వస్తుంది.

పగలు చదివిన పాఠాన్ని మెదడు నిద్రలోనే పదిలపరుచుకుంటుంది. గాఢ నిద్ర రాత్రి మొదటి భాగంలోనూ, కలల నిద్ర తెల్లవారుజామునా ఎక్కువ. అందుకే రెండింటి దాకా మేల్కొని చదివింది పరీక్ష హాల్లో సరిగ్గా గుర్తుకు రాకపోవచ్చు. 13 నుంచి 18 ఏళ్ళ వారికి 8 నుంచి 10 గంటల నిద్ర అవసరం.

మరి రెండు రుగ్మతలు

నిద్రలేమి: వారానికి మూడు రాత్రులైనా నిద్ర పట్టక, అది మూడు నెలలు సాగితే దీర్ఘకాలిక నిద్రలేమి అంటారు.

స్లీప్ ఆప్నియా: నిద్రలో శ్వాస మాటిమాటికీ ఆగుతుంది. గట్టిగా గురక పెట్టి, మధ్యలో ఆగి, ఉక్కిరిబిక్కిరై లేచే వాణ్ణి చూసి నవ్వకండి. డాక్టరుకు చూపించాలి.

మనం చేయదగినవి

1. రోజూ ఒకే వేళకు పడుకోండి, ఒకే వేళకు లేవండి. ఐదున్నరకు లేవాలంటే తొమ్మిదిన్నరకే పడుకోవాలి. ఆదివారమూ అంతే.
2. సాయంత్రం తర్వాత టీ మానండి. టీలోని కెఫీన్ సగం తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది.
3. పడుకునే గంట ముందు ఫోన్ పక్కన పెట్టండి.
4. ఇంకా చదివేవారు వరండాలోకి వెళ్ళండి. గదిలో లైటు తీసేయండి.
5. ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టకపోతే లేచి కాసేపు కూర్చుని, నిద్ర వచ్చాక మళ్ళీ పడుకోండి.
6. డాక్టరు చెప్పకుండా నిద్ర మాత్రలు వేసుకోకండి.

ఇబ్బంది తగ్గకపోతే వార్డెన్ గారికి చెప్పి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళండి. దిగులుతో నిద్ర పట్టనివారు 14416 టెలి మానస్‌కు ఫోన్ చేసి తెలుగులోనే ఉచితంగా మాట్లాడవచ్చు.

తమ్ముళ్ళారా, రేపు మీ గదిలో ఎవరైనా భయపడి లేస్తే దయ్యం అనకండి. మంచినీళ్ళిచ్చి, పక్కన కూర్చుని, ఈ విషయం చెప్పండి. ఆనాడు మా గదిలో చెప్పేవారు లేరు. ఇప్పుడు మీకు తెలుసు.