సల్సా సీసాకి ఆవకాయ లెక్క పనికిరాదు

టెక్సస్‌లో దిగిన తెలుగువాళ్లు ఇక్కడి తిండిలో ముందుగా రుచి మరిగేది సల్సాకే. టమాటా, మిరప, ఉల్లి, కొత్తిమీర, నిమ్మరసం... అన్నీ మన వంటింటి సరుకులే. చేయడం మీకు ఎవరూ నేర్పక్కర్లేదు. నిల్వ చేయడం మాత్రం నేర్చుకోవాలి. మన పచ్చళ్ల అనుభవమే అక్కడ అడ్డొస్తుంది.

టమాటాల్లో కోలగా ఉండే రోమా రకం కొనండి, కండ ఎక్కువ, నీరు తక్కువ. మన నిమ్మకాయకి దగ్గరది పచ్చటి లైమ్. పసుపుపచ్చ లెమన్ వేరు. కొత్తిమీరని సిలాంత్రో అంటారు. పక్కనే అచ్చం అలాగే ఉండే పార్స్‌లీ కట్టలుంటాయి, వాసన చూసి తీసుకోండి. హలపీనో మిరప మన నోటికి ఆనదు, సన్నటి సెరానో నయం.

నూనె వేయని పెనం మీద అరడజను టమాటాలు, రెండు మూడు సెరానోలు, సగం ఉల్లిపాయ, పొట్టుతో రెండు వెల్లుల్లి రెబ్బలు నల్లమచ్చలు పడేదాకా కాల్చండి. ముందే కిటికీ తెరవండి, లేకపోతే పొగ అలారం అపార్ట్‌మెంట్ అంతా లేపుతుంది. వెల్లుల్లి పొట్టు తీసి, ఉప్పు వేసి అన్నీ కచ్చాపచ్చాగా తిప్పండి. మెక్సికన్లు దీనికి మోల్కహేటె అనే రాతి రోలు వాడతారు. సామానుతో రోలు మోసుకొచ్చినవాళ్లకి ఇప్పుడు ఫలితం దక్కుతుంది. చివర్లో లైమ్ పిండి, కొత్తిమీర కలపండి. పోపు పెట్టాలని చెయ్యి లాగుతుంది, పెట్టొద్దు. ఫ్రిజ్‌లో ఉంచి నాలుగైదు రోజుల్లో తినేయండి.

వేసవిలో ఫార్మర్స్ మార్కెట్లో టమాటాలు పెట్టెలకొద్దీ కనిపించగానే ఏడాదికి సరిపడా చేసి పెడదామని బుద్ధి పుడుతుంది. ఇక్కడే ఆగండి. ఆవకాయలో గట్టిగా ఉప్పు పడుతుంది, మామిడి పులుపు ఉంటుంది, పైన నూనె తేలుతుంది. సల్సాలో ఉప్పు రుచికి మాత్రమే, నీళ్లేమో బోలెడు. పైన నూనె పోస్తే మేలుకి బదులు కీడే. గాలి ఆడక, పులుపు చాలని చోట క్లాస్ట్రిడియం బాట్యులినమ్ అనే బ్యాక్టీరియా విషం తయారుచేస్తుంది. రంగు, వాసన మారకుండానే ప్రాణం మీదికి తెస్తుంది. దాన్ని ఆపాలంటే పీహెచ్ 4.6 దాటకూడదు. టమాటా ఇంచుమించు ఆ గీత మీదే ఉంటుంది. ఉల్లి, మిరప, వెల్లుల్లి చేరాయంటే గీత దాటినట్టే.

అందుకే చేతి అంచనాలు మానేసి, జార్జియా విశ్వవిద్యాలయంలోని నేషనల్ సెంటర్ ఫర్ హోమ్ ఫుడ్ ప్రిజర్వేషన్ పరీక్షించి, ఉచితంగా ఇచ్చే కొలతలే పాటించండి. సీసాలో అమ్మే నిమ్మరసమే పోయండి, తాజా కాయల పులుపు ఒకదానిలా ఒకటి ఉండదు. ఉల్లి, మిరప కొలత పెంచొద్దు. కారం కావాలంటే హలపీనో బదులు అంతే కొలతలో సెరానో వేయొచ్చు. ఉప్పు, జీలకర్ర పొడి మీ ఇష్టం.

ఉడికిన సల్సాని వేడిగా ఉండగానే మేసన్ సీసాల్లో పైన అర అంగుళం వదిలి నింపండి. అంచు తుడిచి, కొత్త మూత పెట్టి, సీసాలు మునిగి పైన అంగుళం నీళ్లు నిలిచేలా మరిగించాలి. ఆ కేంద్రం ఇచ్చిన రోమా సల్సాకి పింట్ సీసాలైతే డాలస్ లాంటి పల్లపు ఊళ్లలో 15 నిమిషాలు, 5,280 అడుగుల ఎత్తున ఉన్న డెన్వర్‌లో 20. ఎత్తుకి వెళ్లేకొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. మర్నాడు మూత మధ్యలో నొక్కితే టక్కుమందా, అది పట్టలేదన్నమాట; ఆ సీసా ఫ్రిజ్‌లోకి.

పైన చెప్పిన కాల్చిన సల్సాకి ఇవేవీ వర్తించవు, దాన్ని సీసాలకెక్కించి అలమారలో పెట్టకండి. దానికి ఫ్రీజరే దారి. కరిగాక నీరు విడుస్తుంది, ఒక పొంగు రానిచ్చి కొత్తిమీర అప్పుడు కలుపుకోండి. కొత్తగా కాపురం పెట్టి, ఇంకా పెద్ద గిన్నెలైనా కొనని ఇంటికి నా ఓటు ఫ్రీజర్‌కే.