శాఖా కార్యాలయపు రౌటరులో స్విచ్చి మాడ్యూలు

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని మన పెద్దలు చెప్పుదురు. మేమిచ్చట వివరింపబూనిన విషయము ఆ సామెతకు విరుద్ధముగా దోచును. ఏలయన, ఒక్క లోహపు పెట్టెలో రౌటరును స్విచ్చియు కలిసి పనిచేయు విధమును తెలుపుటయే మా యుద్దేశము. పెద్ద కార్యాలయములందు ఈ రెండును వేర్వేరు పెట్టెలుగా నుండును. పది పదునైదుగురు పనిచేయు చిన్న శాఖలోనో, స్థలము తక్కువ, ధనము తక్కువ, యంత్రములను కనిపెట్టియుండు నిపుణుడును ఉండడు. అందుచేత రౌటరులోనే స్విచ్చిని చేర్చు పద్ధతి ఏర్పడినది.

మొదట ఈ రెంటికిని గల భేదమును విద్యార్థులు గ్రహింపవలెను. ఒక యూరి తపాలా కార్యాలయమును తలచుకొనుడు. ఆ యూరిలోనే చేరవలసిన జాబును ఇంటిగుర్తు చూచి అందించువాడు ఒకడు. పొరుగూళ్ల జాబు ఏ దారిని పోవలెనో నిర్ణయించువాడు మరియొకడు. స్విచ్చి మొదటివాని వంటిది. నెట్‌వర్కు తీగ తగిలించు ప్రతి యంత్రమునకును మాక్ చిరునామా యను 48 బిట్ల గుర్తు గలదు. ఏ గుర్తు ఏ పోర్టువైపున నున్నదో స్విచ్చి తానే కనిపెట్టి జ్ఞాపకముంచుకొనును. రౌటరు రెండవవాని వంటిది. అది ఐపీ చిరునామాను చూచి, ఒక నెట్‌వర్కునుండి వేరొక నెట్‌వర్కునకు దారి చూపును.

ఈ యంత్రముల చరిత్రయు కొంత తెలిసికొనదగినది. ఈథర్‌నెట్టు పద్ధతి 1973లో అమెరికాయందలి జెరాక్స్ పరిశోధనాలయమున రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ అనువారి కృషిచే రూపొందెను. ఆరంభమున యంత్రములన్నియు ఒకే తీగను పంచుకొనుటచే, ఒకటి పలుకునప్పుడు తక్కినవి ఊరకుండవలసి వచ్చెడిది. 1990లో ‘కల్పన’ యను అమెరికా సంస్థ ఏడు పోర్టుల ఈథర్‌స్విచ్‌ను వెలువరించి, జంటజంటలుగా యంత్రములు ఏకకాలమున మాటలాడుకొనుటకు వీలు కల్పించెను. ఆ సంస్థ స్థాపకులలో నొకరు భారతీయ సంతతికి చెందిన వినోద్ భరద్వాజ్. 1994లో సిస్కో సంస్థ దానిని కొనెను. ఈథర్‌స్విచ్ అను పేరే పిమ్మట సిస్కో రౌటరులలో చేర్చు మాడ్యూళ్లకును వచ్చినది.

ఈ మాడ్యూళ్లు ముఖ్యముగా రెండు విధములు. సిస్కో 2600, 3600, 3700 వరుసల రౌటరులకు వచ్చిన 16 పోర్టుల మాడ్యూలు మొదటి విధము. దానికి సొంత బుద్ధి లేదు. రౌటరునకిచ్చిన ఆజ్ఞయే దానికిని ఆజ్ఞ. 2009లో వెలువడిన 2900, 3900 వరుసలకు తగిన సర్వీసు మాడ్యూలు రెండవ విధము. దానికి సొంత ప్రాసెసరు, సొంత జ్ఞాపకశక్తి, సొంత సాఫ్ట్‌వేరు గలవు. అది రౌటరునుండి విద్యుత్తును, లోపలి సంబంధమును మాత్రమే గైకొనును. చూచుటకు ఒకటే పెట్టె. నిజమునకు యంత్రములు రెండు. ఈ పాఠమున మరువరాని సంగతి యిదియే. 2900 వరుస అమ్మకము 2017లో నిలిచినను, ఈ సూత్రమును ఎరిగినవారు తరువాతి యంత్రములయందును తడబడరు.

ఇక రెండవ విధపు మాడ్యూలును చేర్చు క్రమమును తెలుపుచున్నాము.

మొదటిది, విద్యుత్తు లెక్క. బల్లమీది టెలిఫోనులకు నెట్‌వర్కు తీగలోనే విద్యుత్తు పంపవలెనన్న, 2003 నాటి ప్రమాణము ననుసరించి ఒక్కొక్క పోర్టునకు 15.4 వాట్ల వరకు కావలెను. పదునారు పోర్టులకు గుణించిన 246.4 వాట్లగును. రౌటరుతో వచ్చు సామాన్యమైన పవర్ సప్లయి యీ భారమును మోయలేదు. కావున అందుకు తగినదానిని ముందుగనే సంపాదింపవలెను.

రెండవది, అమర్చుట. రౌటరునకు విద్యుత్తు పూర్తిగా తీసివేయవలెను. మన దేహమునందలి స్థిరవిద్యుత్తు సున్నితమైన భాగములను చెరచును గనుక, నేలకు సంబంధించిన పట్టీని మణికట్టునకు కట్టుకొనవలెను. ఖాళీ గూటి మూతను విప్పి, మాడ్యూలును తిన్నగా లోనికి త్రోసి మరలు బిగింపవలెను.

మూడవది, లోపలి ద్వారము. మాడ్యూలువైపున నున్న రౌటరు ఇంటర్‌ఫేసునకు ఒక ఐపీ చిరునామా నియ్యవలెను. పిమ్మట ‘సెషన్’ అను ఆజ్ఞతో రౌటరునుండి స్విచ్చిలోనికి ప్రవేశింపవచ్చును. కంట్రోల్, షిఫ్ట్, 6 మీటలను కలిపి నొక్కి, పిదప ఎక్స్ నొక్కినచో తిరిగి రౌటరునకు వత్తుము. ఏ సమయమున ఏ యంత్రముతో మాటలాడుచున్నామో తెరమీది పేరును చూచి నిర్ధారించుకొనవలెను.

నాలుగవది, విభజన. ఒకే స్విచ్చిని వీలాన్‌లనెడి పెక్కు భాగములుగా విడదీయవచ్చును. లెక్కల కంప్యూటరులకు 10, టెలిఫోనులకు 20, వచ్చిపోవువారికి 30 అని సంఖ్యల నిచ్చితిమనుకొనుడు. స్విచ్చికిని రౌటరునకును నడుమనున్న ఒక్క లోపలి దారినే యీ మూడును పోవలెను గదా! అందుకొరకు ప్రతి సందేశమునకును దాని వీలాన్ సంఖ్య గల చీటీని తగిలింతురు. 802.1క్యూ అను ఈ ప్రమాణము 1998లో వెలువడినది. రౌటరువైపున ఒక్కొక్క సంఖ్యకు ఒక్కొక్క ఉపద్వారమును ఏర్పరుపవలెను. 30లోని అతిథి 10లోని లెక్కలను చూడకుండ కాపలా యుంచవలసిన చోటు ఆ ద్వారమే.

ఐదవది మిక్కిలి చిన్న పని. కాని మేము కష్టమనుభవించి నేర్చినది. కొన్ని యేండ్ల క్రిందట ఒక చిన్న శాఖలో మేమిట్టి మాడ్యూలును అమర్చితిమి. అన్నియు చక్కగా పనిచేయగా, రౌటరులో అమరికను భద్రపరచి సంతోషముతో ఇంటికి పోతిమి. ఆ రాత్రి విద్యుత్తు పోయి మరల వచ్చెను. తెల్లవారుసరికి ఒక టెలిఫోనును మ్రోగలేదు, ఒక కంప్యూటరును పలుకలేదు. రౌటరు మాత్రము బయటి లోకముతో చక్కగా మాటలాడుచుండెను. మేము తీగలను నిందించితిమి, మాడ్యూలును నిందించితిమి. మధ్యాహ్నమునకుగాని మా తప్పు మాకు తెలియలేదు. స్విచ్చి అమరికను భద్రపరచవలెనని మాకు తోచనేలేదు! పెట్టె యొకటే గదా యని, భద్రపరచుటయు ఒకమారే చాలునని తలచితిమి. ఆ పూటంతయు పని నిలిచి, దూరమునుండి వచ్చినవారు వట్టిచేతులతో మరలిరి. వారి ముఖములు మాకిప్పటికిని జ్ఞాపకమున్నవి. కావున భద్రపరచు ఆజ్ఞను రౌటరులో నొకమారు, స్విచ్చిలో నొకమారు తప్పక ఇయ్యవలెను.

ఈ కూర్పువలన లాభములు గలవు: తీగలు తగ్గును, చోటు కలిసివచ్చును, దూరమునుండి ఒకే ద్వారమున రెంటిని సవరింపవచ్చును. లోపమును దాచము: పవర్ సప్లయి యొక్కటి చెడిన రెండును ఆగును. ఒక్క గంటయైనను ఆగరాని చోట వేర్వేరు పెట్టెలే మేలు.

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవచ్చును. కాని పదును పెట్టువాడు రెంటికిని పెట్టవలెను.

అభ్యాసము: (1) స్విచ్చి చూచు చిరునామా యేది? రౌటరు చూచునది యేది? (2) ఎనిమిది టెలిఫోనులకు, ఒక్కొక్కదానికి 15.4 వాట్ల చొప్పున, ఎన్ని వాట్లు కావలెను? (3) మా శాఖలో రౌటరు పలుకుచుండగా టెలిఫోనులు మూగవోవుటకు కారణమును మీ సొంత మాటలలో వ్రాయుడు.